అన్నం గిన్నె అడుగున

సినిమా కథ చెప్పడంలో పావనికి సాటి ఆ బస్సులో లేదు. సినిమా తీసినవాళ్లు ఒక్క పూటలో తేల్చేసినదాన్ని ఆమె వారం రోజులు సాగదీస్తుంది, అయినా ఎవరికీ విసుగు పుట్టదు. హీరో టీ తాగితే ఏ కప్పులో తాగాడో చెబుతుంది. విలన్ మెట్లు దిగితే బూట్ల చప్పుడుతో సహా దింపుతుంది. పాటలు మాత్రం కోసేస్తుంది, కంపెనీ గేటు వచ్చేలోపు ఫైటు అయిపోవాలి గనక.

తుమ్మపాలలో బయల్దేరే ఆ కంపెనీ బస్సు అనకాపల్లిలో నిండి, మునగపాకలో కిక్కిరుస్తుంది. ఎక్కేవాళ్లంతా రొయ్యలు ఒలిచే ఆడవాళ్లు. ఇంట్లో వంటా, పిల్లలూ తెమిలి బస్సులో కూలబడేసరికే సగం ఓపిక అయిపోయి ఉంటుంది, ఇంక వాళ్లకి సినిమాలు చూసే తీరికెక్కడిది? అందుకే పావని చూసి చెబితే వాళ్లు చూసినట్టే.

ఈ వారం కథ గూఢచారులది. ఢిల్లీలో ఒక ఆఫీసు, బయట బోర్డు మీద ఎరువుల కంపెనీ పేరు ఉంటుంది, లోపలున్నవాళ్లంతా సర్కారు గూఢచారులు. హీరో ఎక్కడికి బయల్దేరినా శత్రువులు వాడికంటే ముందే అక్కడుంటున్నారు. అంటే ఆఫీసు లోపలివాడే ఎవడో కబురు అందిస్తున్నాడన్నమాట.

“ఆ తెల్లసొక్కావోడే అయ్యుంటాడు,” అంది గంగాభవాని. బస్సులో అందరికంటే పెద్దది ఆవిడ, అక్క వరసలో అందరికీ అప్ప. “మాట మెత్తగా ఉన్నోడే సేత్తాడు అలాటి పని.”

అందరూ నవ్వారు. పావని కూడా నవ్వింది, అందరికంటే కాస్త ఆలస్యంగా. ఎందుకంటే ఈ బస్సులో కబుర్లు అందించేది తనే.

గంగాభవాని పక్క సీటు ఖాళీగా ఉంది. అది నూకరత్నం సీటు. రెండు వారాల కిందట షెడ్డులో అమ్మోనియా గ్యాసు లీకైనప్పుడు అందరూ కళ్లు మండిపోతూ వెనక తలుపు దగ్గరికి పరుగెత్తారు. ఆ తలుపుకి తాళం వేసి ఉంది. రొయ్యలు దొంగతనంగా బయటికి పోతాయని వేసిన తాళం అది. తలుపు బాది బాది, మళ్లీ షెడ్డు పొడుగునా ముందు తలుపుకి పరుగెత్తుకొచ్చారు. ఆ వెనక్కి వచ్చేటప్పుడే నూకరత్నం పడిపోయింది. ఇప్పుడు సర్కారు ఆస్పత్రిలో మంచం మీద కూర్చుని రాత్రీ పగలూ దగ్గుతోంది. కంపెనీవాళ్లేమో ఆమె నూకాలమ్మ పండగకి ఉపవాసం ఉండి, నీరసంతో కళ్లు తిరిగి పడిందన్నారు. గ్యాసు సంగతీ లేదు, తాళం సంగతీ లేదు. తప్పు అమ్మవారిదన్నట్టు తేల్చేశారు.

షెడ్డులోకి పోయే ముందు బూట్లతో క్లోరిన్ నీళ్లలోంచి నడవాలి. తలకి టోపీ, మూతికి గుడ్డ, చేతులకి తొడుగులు. ఆ వేషంలో అందరూ ఒకేలా ఉంటారు, కళ్లని బట్టి గుర్తుపట్టుకోవలసిందే. పావని ఐసులోంచి రొయ్యని తీసి, బొటనవేలితో కాళ్ల కింద నొక్కి, డొప్పని ఒక్క లాగులో ఒలిచేసింది. కత్తి మొనతో వీపు మీద నల్లనరం పైకి లేపి తీసి, రొయ్యని చల్లటి నీళ్లలోకి జారవిడిచింది. చేతులు తమ పని తాము చేసుకుపోతుంటే మనసుకి ఖాళీ దొరుకుతుంది. ఆ ఖాళీ ఈమధ్య పావనికి పనికిరాకుండా పోయింది.

టీ వేళకి మేనేజరు చంద్రమౌళి పిలిపించాడు. ఆయన అరిచే మనిషి కాదు. అరిస్తే బాగుండునే అనిపించే మనిషి.

“లోవరాజు కాలెలా ఉందమ్మా?” అని అడిగాడు. “కూర్చునే పని గనక సరిపోయింది. నిలబడే పనైతే కష్టం కదా.”

లోవరాజు పావని మొగుడు. బోటు మీద వల లాగే మర తాడులో కాలు పడి మోకాలు నలిగిపోయాక మళ్లీ సముద్రం మీదికి పోలేదు. అనకాపల్లిలో అద్దె గదిలో గోడవైపు తిరిగి పడుకున్న ఆ మనిషిని లేపి కూర్చోబెట్టింది కంపెనీ గేటు దగ్గరి ప్లాస్టిక్ కుర్చీ. దాన్ని ఇచ్చింది చంద్రమౌళి. ఆ సంగతి ఆయన ఒక్కసారి కూడా ఎత్తి చూపలేదు. కాలెలా ఉందని మాత్రం అడుగుతుంటాడు.

కిందటి వారం నూకరత్నాన్ని చూడ్డానికి ఎవరెవరు వెళ్లారని ఆయన అడిగితే పావని చెప్పేసింది. పరామర్శకి పోయినవాళ్ల పేర్లే కదా, చెబితే ఏం పోయిందనుకుంది. మర్నాడే అందులో ఇద్దరిని, రాజశ్రీనీ ఇందునీ, ఐసు గదికి మార్చారు. ఇందు చేతివేళ్లు రెండు రోజుల్లో పగిలిపోయాయి. ఆ వేళ్లు చూసిన దగ్గర్నుంచి పావనికి అన్నం సయించడం లేదు.

శుక్రవారం సర్కారు ఆఫీసరు తనిఖీకి వస్తున్నాడని చంద్రమౌళి చెప్పాడు. ఆడవాళ్లు ఏదో అనుకుంటున్నట్టుంది, అదేమిటో తెలిస్తే అందరికీ మంచిదన్నాడు. పావని తల ఊపి వచ్చేసింది. ఊపినందుకు తన తల మీద తనకే కోపమొచ్చింది.

మర్నాడు బస్సులో కథ అసలు పట్టులో పడింది. హీరోకి పైనున్న ఆఫీసరుకి ముగ్గురి మీద అనుమానం. ఒక్కొక్కణ్ణీ విడిగా పిలిచి, హీరో దాక్కున్న చోటు ఇదీ అని ముగ్గురికీ మూడు వేరువేరు చోట్లు చెబుతాడు. మూడూ అబద్ధాలే. ఆ రాత్రి శత్రువులు ఏ ఇంటి మీద పడితే, ఆ ఇల్లు ఎవరికి చెప్పాడో వాడే దొంగ.

ఎప్పుడూ కిటికీ బయటికి చూస్తూ వినే రాజశ్రీ ఇటు తిరిగింది. “ముగ్గురికీ మూడు సోట్లా? మళ్లీ సెప్పు పావనీ, సరిగ్గా అందలేదు.”

కథ చెప్పేవాళ్లకి అంతకన్నా కావలసిందేముంది? పావని చేతులు తిప్పుతూ మళ్లీ మొదటినుంచీ విడమరిచి చెప్పింది. పై ఆఫీసరు గొంతు కూడా పెట్టింది. కాసేపు తనెవరో తనే మరిచిపోయి హాయిగా చెప్పింది.

బుధవారం మధ్యాహ్నం చేతులు కడుక్కునే కుళాయిల దగ్గర రాజశ్రీ పక్కకొచ్చి నిలబడింది. ఐసు గది చలికి ఇంకా వణుకుతోంది. నీళ్ల చప్పుడులో చెవి దగ్గరే చెప్పింది. గ్యాసు లీకైన రోజు ఎవరో వెనక తలుపు తాళాన్ని ఫోన్లో ఫొటో తీశారట. ఆ ఫోను రేపు గంగాభవాని క్యారేజీలో, అన్నం అడుగున లోపలికి వస్తుందట. దాన్ని దాచి ఉంచి శుక్రవారం ఆఫీసరుకి చూపిస్తారట.

“నీకొక్కదానికే సెప్తన్నాను,” అంది రాజశ్రీ.

ఆ సాయంత్రం దాకా పావని తలెత్తకుండా రొయ్యలు ఒలిచింది. చెప్పకూడదని రొయ్య రొయ్యకీ అనుకుంది. చెప్పకపోతే? గేటు దగ్గర కుర్చీ, దాని మీద కాలు చాపుకుని కూర్చున్న లోవరాజు, నీలం చొక్కా గుండీలు పొద్దున్నే వాడు పెట్టుకునే తీరు కళ్లముందు ఆడాయి. ఆ గుండీలు పెట్టుకునేటప్పుడు వాడు అద్దంలో చూసుకుంటాడు. మంచాన పడ్డన్నాళ్లూ అద్దం వైపే చూడలేదు. షిఫ్టు దిగేవేళ చంద్రమౌళి వరండాలో ఎదురై చిన్నగా నవ్వాడు. పావని చెప్పేసింది. ఫొటో ఎవరు తీశారో తెలియదంది, అది నిజమే. నిజం చెప్పానని ఊరట కూడా పడింది పాపం.

మామూలుగా బయటికి పోయేటప్పుడే సంచులు వెతుకుతారు, లోపలికొచ్చేటప్పుడు ఎవరూ పట్టించుకోరు. గురువారం పొద్దున్న మాత్రం గేటు దగ్గర బల్ల వేసి ఉంది. బల్ల వెనక లోవరాజు నిలబడి ఉన్నాడు. వాడి వెనక కాస్త ఎడంగా, చేతులు కట్టుకుని చంద్రమౌళి.

ముందు వచ్చినవాళ్ల క్యారేజీలు లోవరాజు పైమూత ఎత్తి చూసి పంపించేశాడు. గంగాభవాని వంతు రాగానే వెనకనుంచి చిన్న దగ్గు వినబడింది. లోవరాజు గిన్నెలన్నీ విడదీశాడు. పప్పు ఒక పక్క, వంకాయ కూర ఒక పక్క పెట్టాడు. అన్నం గిన్నె ముందు ఆగాడు.

“ఏటనుకోకప్పా,” అన్నాడు తల ఎత్తకుండా.

“కానీ నాయినా. సేతులు కడుక్కున్నావా?” అంది గంగాభవాని.

వాడు అన్నంలో చెయ్యి పెట్టాడు. వేళ్లు అడుగుదాకా పోయాయి. అటూ ఇటూ కెలికాడు. మెతుకులు బల్ల మీద పడ్డాయి. అన్నం తప్ప ఏమీ లేదు. గంగాభవాని గిన్నెలు మళ్లీ పేర్చుకుని, బల్ల మీద పడ్డ మెతుకులు కూడా ఏరి గిన్నెలో వేసుకుని లోపలికి నడిచింది. ఆవిడ తరవాతివాళ్లని మళ్లీ పైమూతలు ఎత్తి పంపించేశారు.

వరసలో వెనక నిలబడ్డ పావనికి చేతిలో క్యారేజీ ఉందో లేదో తెలియలేదు. ఢిల్లీ ఆఫీసు, ముగ్గురు మనుషులు, మూడు చోట్లు. చెప్పింది తనే. అందలేదంటే రెండోసారి విడమరిచింది కూడా తనే. భూమి విచ్చుకుంటే అందులోకి దిగిపోవాలనిపించింది, కానీ వరస కదులుతోంది, నడవక తప్పలేదు.

సాయంత్రం బస్సులో ఆమె చివరి సీటుకి పోబోతుంటే గంగాభవాని చెయ్యి పట్టుకుని నూకరత్నం సీటులో కూర్చోబెట్టింది. మునగపాకలో బస్సు సగం ఖాళీ అయ్యాక రాజశ్రీ ముందు సీటులోంచి వెనక్కి తిరిగింది. ఫొటో అనేదే లేదని చెప్పింది. ఇందుతోనేమో అది పూల సంచిలో వస్తుందని చెప్పిందట, ఇంకొకామెకి తలటోపీలో అని చెప్పిందట. ఆ పూల సంచినీ, ఆ టోపీనీ ఎవరూ ముట్టుకోలేదు.

పావని ఏడ్చింది. లోవరాజు కుర్చీ సంగతి అంతా ఏడుస్తూనే చెప్పింది. రాజశ్రీ కసురుకోలేదు.

“తెలుసు. ఆ కుర్చీ మీద ఆడు కూకున్నాడు, కుర్చీ కింద నువ్వున్నావు,” అంది. “సరే, ఇంకోసారి సెప్పీ. ఆఫీసరుతో మాట్లాడ్డానికి ఎవలెవలు సిద్ధంగా ఉన్నారో అందరి పేర్లూ సెప్పీ. నా పేరు, ఇందు పేరు, అప్ప పేరు. నీ పేరొక్కటీ సెప్పకు.”

పావనికి అర్థం కాలేదు. గంగాభవాని విడమరిచి చెప్పింది. కంపెనీకి పేర్లు తెలిస్తే ఆ ఆడవాళ్లందరికీ రేపు సెలవంటారు. ఆఫీసరు ముందు తమ మనిషనుకున్నదాన్నే నిలబెడతారు.

“అప్పుడు నాను సెప్పాలా?”

“అది నీ ఇష్టం,” అంది రాజశ్రీ. “మేం నీ యెనకాల ఉండి తొయ్యలేం కదా.”

“సెప్పకపోతే?”

“సెప్పకపోతే నూకరత్నం ఉపాసం ఉన్నట్టే.”

అనకాపల్లిలో దిగి, జనం మధ్య నిలబడి పావని చంద్రమౌళికి ఫోన్ చేసింది. పేర్లు ఒక్కొక్కటే చెప్పింది. ఇప్పుడు అటువాళ్లకీ గూఢచారి, ఇటువాళ్లకీ గూఢచారి. సినిమాలో ఇలాంటివాడి కథ ఎలా ముగిసిందో ఆమెకి తెలుసు. అందుకే బస్సులో ఆ ముక్క ఇంకా చెప్పలేదు.

ఇంటికొచ్చేసరికి లోవరాజు పెరటి కుళాయి దగ్గర కుడిచెయ్యి సబ్బుతో రుద్దుకుంటున్నాడు. నురగ కడిగేసి మళ్లీ సబ్బు రాసుకున్నాడు.

“అన్నంలో సెయ్యెట్టించేరు నాసేత,” అన్నాడు. “పెద్దమనిషి తినే అన్నం. ఎవలు సెప్పేరంటావు ఆలకి?”

పావని గడప మీద కూర్చుంది. అబద్ధం ఆడటానికి నోరు తెరిచింది, రాలేదు.

“నానే బావా.”

వాడి చెయ్యి ఆగింది. కుళాయి పారుతూనే ఉంది.

“దేనికి?”

“నీ కుర్చీకి.”

వాడు తిట్టలేదు, కొట్టడానికి రాలేదు. కుళాయి కట్టేసి, కాలు ఈడ్చుకుంటూ వచ్చి ఆమె పక్కనే గోడకి ఆనుకున్నాడు. ఇంకేదో సంగతి చెబుతున్నట్టు చెప్పాడు. మధ్యాహ్నం వెనక తలుపు తాళం ఊడదీసి తన చేతికే ఇచ్చారట. షెడ్డు వెనక మురుగు గుంటలో పారెయ్యమన్నారట.

“పారేసేవా?”

“ఊఁ,” అన్నాడు, ఆమె వైపు చూడకుండా.

రేపటి సంగతి పావని చెప్పింది. తను నోరు తెరిస్తే కుర్చీ ఉండదని కూడా చెప్పింది. వాడు విన్నాడు. చెప్పమనీ అనలేదు, వద్దనీ అనలేదు. అన్నం పెడితే ఎడమచేత్తో కంచం జరిపి, ఆకలి లేదన్నాడు.

శుక్రవారం బస్సులో చాలా సీట్లు ఖాళీ. రాజశ్రీకీ ఇందుకీ గంగాభవానికీ సెలవని ముందే ఫోన్లు వెళ్లిపోయాయట. షెడ్డులో సగం మంది కొత్త మొహాలు. వెనక తలుపు ఆకుపచ్చ రంగుతో నిగనిగలాడుతోంది, పైన ఎర్ర అక్షరాలతో బోర్డు. గొళ్లానికి తాళం ఉన్న గుర్తే లేదు. చంద్రమౌళి దగ్గరుండి మరీ పావనిని ఆ తలుపు పక్క బల్ల దగ్గర నిలబెట్టాడు. కంపెనీ గురించి మంచి మాటలు నాలుగు చెప్పమన్నాడు, లోవరాజుకి పర్మనెంటు సంగతి చూస్తానన్నాడు.

ఆఫీసరు వచ్చాడు. కాళ్లకి ఇచ్చిన బూట్లు పెద్దవై తపతపలాడుతున్నాయి. బాగా అలిసిపోయినట్టున్నాడు. తొడుగులు ఇస్తున్నారా, మంచినీళ్లు ఉన్నాయా అని అడుగుతూ, జవాబు పూర్తి కాకుండానే తల ఊపుతూ వస్తున్నాడు. పావని దగ్గర ఆగాడు.

“ఆ రోజు పడిపోయినావిడ మీ పక్కనే పనిచేసేదా? ఉపవాసం ఉందట కదా?”

చంద్రమౌళి పావని వైపు చూసి చిన్నగా తల ఊపాడు. పావని చేతిలో సగం ఒలిచిన రొయ్య ఉంది. దాన్ని ఒలవడం పూర్తిచేసి నీళ్లలో వేసింది. మూతి గుడ్డ కిందికి లాగింది.

“నేదు సార్. ఆ రోజు ఆవిడ నా క్యారేజీలో నెత్తళ్ల సేపల పులుసు ఏసుకుని తిన్నాది. అమ్మోరికి ఉపాసం ఉన్నోళ్లు నెత్తళ్లు ముడతారా? గ్యాసు వచ్చింది. అందరం ఈ తలుపు కాడికే పరుగెట్టేం. తాళం ఉన్నాది. బాదేం, రానేదు.”

షెడ్డులో కత్తుల చప్పుడు ఆగిపోయింది. చంద్రమౌళి నవ్వాడు. ఆ తలుపుకి తాళమన్నది ఎప్పుడూ లేదనీ, ఈమె మొగుడు అవిటివాడు కావడంతో మనసు బాగాలేదనీ చెప్పాడు. ఆఫీసరు తలుపు తోశాడు. అది నున్నగా తెరుచుకుంది. బయట ఎండ.

“తాళం ఉండేదనడానికి ఏమైనా ఉందామ్మా?” అని అడిగాడు.

పావని దగ్గర ఏముంది? తన మాట ఉంది. ఆ మాట విలువ ఈ వారంలో ఏమైందో ఆమెకే తెలుసు. ఏమీ లేదని తల అడ్డంగా ఊపింది. ఆఫీసరు ముందుకి సాగిపోయాడు. చంద్రమౌళి వెళ్తూ వెళ్తూ, లోవరాజుతో మాట్లాడతానని మెల్లిగా అన్నాడు. ఆమె మళ్లీ ఐసులో చెయ్యి పెట్టింది. చల్లదనం తెలియలేదు. చెప్పీ లాభం లేకపోయిందే అన్న దిగులొక్కటే తెలిసింది.

అప్పుడు జీపు హారన్ మోగింది. ఆగి మళ్లీ మోగింది. పావని తెరిచి ఉన్న వెనక తలుపులోంచి బయటికి చూసింది. అక్కణ్ణుంచి షెడ్డు పక్కగా గేటు కనిపిస్తుంది. ఆఫీసరు జీపు గేటు దగ్గర ఆగి ఉంది. అడ్డకర్ర లేవలేదు. లోవరాజు కుర్చీలోంచి లేచి, కాలు ఈడ్చుకుంటూ జీపు దగ్గరికి పోతున్నాడు. చేతిలో తన క్యారేజీ ఉంది. పొద్దున్న ఆ క్యారేజీని వాడు తనే సర్దుకున్నాడు, ఆమెని ముట్టుకోనివ్వలేదు. అందరి క్యారేజీలూ వెతికే మనిషి క్యారేజీని ఎవరు వెతుకుతారు?

లోవరాజు జీపు బానెట్ మీద గిన్నెలు విడదీశాడు. అన్నం గిన్నె మూత తీసి ముందుకి జరిపాడు. ఆఫీసరు కిందికి దిగి అందులోంచి ఏదో తీశాడు. అరచెయ్యంత తాళం, తుప్పుపట్టిన నల్లతాళం. ఆఫీసరు దాన్ని తిప్పి చూశాడు. తరవాత షెడ్డు వైపు తిరిగి, మళ్లీ బూట్లు తొడుక్కోవడం మొదలుపెట్టాడు.

ఆ సాయంత్రం ఇద్దరినీ కంపెనీ బస్సు ఎక్కనివ్వలేదు. రేపటినుంచి రానక్కర్లేదన్నారు. ఆఫీసరు ఏం చేస్తాడో, నూకరత్నానికి ఏమైనా ఒరుగుతుందో లేదో ఎవరికీ తెలియదు. చెరుకుతోటల మధ్య మునగపాక రోడ్డు మీద లోవరాజు నడకకి తగ్గట్టు పావని మెల్లిగా నడిచింది. భయం పోలేదు. కానీ ఇందు వేళ్లు చూసిన దగ్గర్నుంచి మొదటిసారి ఆమెకి ఆకలి వేసింది.

“నువ్వు పొద్దుటినుంచీ తిన్నేదు కదా బావా?”

“అన్నం గిన్నెలో తాళం ఉన్నాది. ఇంకేటి తింతాను?”

కల్వర్టు గోడ మీద కూర్చున్నారు. పావని వాడి అన్నం గిన్నె తీసి వాసన చూసింది, తుప్పు వాసన. సీసాలో నీళ్లు పోసి వేళ్లతో అడుగంతా తోమి, కడిగి పారబోసింది. పొద్దున్న తను తెచ్చుకున్న అన్నం మూత తీయకుండా అలాగే ఉంది. అందులో సగం ఆ గిన్నెలో పెట్టి, పైన చారు పోసి వాడి చేతికిచ్చింది.

లోవరాజు కుడిచెయ్యి కడుక్కుని అన్నం కలుపుకున్నాడు.